రాజీనామాకు ముందు డాక్టరు చీటీ

పని ఒత్తిడి తట్టుకోలేక ఉద్యోగం వదిలేసేవాళ్లలో చాలామంది ఒకే వరుసలో నడుస్తారు. వారాల తరబడి నిద్ర ఉండదు. పొద్దున లేస్తూనే గుండెదడ, పైఅధికారి నుంచి ఫోనొస్తే చెమటలు, తిండి సయించదు. ఒకరోజు ఇక చాలనిపించి రాజీనామా రాసిచ్చేస్తారు. నెల గడిచినా మనసు కుదుటపడక, ఇంట్లోవాళ్లు పట్టుబడితే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళతారు. అప్పటికి జీతం ఆగిపోయి ఉంటుంది. పీఎఫ్ డబ్బు తీసి మందులు కొంటారు, చేబదుళ్లతో ఇల్లు నెట్టుకొస్తారు. ఈ వరుస తిరగబడాలి. డాక్టరు ముందు రావాలి, రాజీనామా తర్వాత రావాలి. జబ్బుపడిన కార్మికుడికి నగదు రూపంలో అందే సాయం ఒకటి మన దేశంలో డెబ్బై ఏళ్లకు పైగా నడుస్తోంది. ఉద్యోగం వదిలి వెళ్తున్న సమయంలో దాన్ని అడగడం మోసమూ కాదు, దేబిరించడమూ కాదు. నెలనెలా చందా కట్టి సంపాదించుకున్న హక్కు అది. రాజీనామా కాగితం ఇచ్చినంత మాత్రాన జబ్బు నయమైపోదు కాబట్టి, జబ్బు కారణంగా వచ్చిన హక్కు కూడా ఆ కాగితంతో పోకూడదు.

ఆ సాయం ఇచ్చేది ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా. ఈఎస్ఐ అనగానే మనకు ఆసుపత్రే గుర్తుకొస్తుంది. సనత్‌నగర్, నాచారం, విజయవాడ గుణదల, విశాఖ మల్కాపురం పేర్లు కార్మిక కుటుంబాలకు కొత్తవి కావు. అయితే వైద్యంతో పాటు డబ్బు కూడా ఇచ్చే బీమా అది అని తెలిసినవాళ్లు తక్కువ. పదిమంది, ఆపైన పనిచేసే సంస్థల్లో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లు ఇందులోకి వస్తారు. 2019 జులై నుంచి ఉద్యోగి జీతంలో 0.75 శాతం, యజమాని మరో 3.25 శాతం చందాగా కడుతున్నారు. నెలకు 18,000 రూపాయలు తెచ్చుకునే సేల్స్‌గర్ల్‌ని తీసుకుందాం. ఆమె జీతంలో కోత 135 రూపాయలు, యజమాని కట్టేది 585. జబ్బుచేసి పనికి వెళ్లలేకపోతే ఆమె సగటు రోజు కూలిలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు ఈఎస్ఐ సంస్థ ఆమె ఖాతాలో వేస్తుంది. రోజు కూలి 600 అనుకుంటే అందేది 420, మొత్తం 91 రోజులూ వాడుకోవాల్సి వస్తే 38,220 రూపాయలు. సాధారణంగా జబ్బు మొదలైన తొలి రెండు రోజులకు మాత్రం డబ్బు రాదు. ఇంటద్దె, పాలు, పిల్లల ఫీజు ఆగకుండా మూడు నెలలు కోలుకోవడానికి ఈ మొత్తం ఎంత ఆసరా అవుతుందో, ఆ జీతంతో బతికేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఈ హక్కును చట్టం దేనికి ముడిపెట్టిందో గమనించాలి. చందా కట్టే కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఏప్రిల్-సెప్టెంబరులో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటే, ఆ తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు ఈ జబ్బు సాయం, అంటే సిక్‌నెస్ బెనిఫిట్, తీసుకునే అర్హత వస్తుంది. అక్టోబరు-మార్చి చందాకు జులై నుంచి డిసెంబరు వరకు. అంటే ఈరోజు అడిగే సాయానికి ఆధారం ఈరోజు చేస్తున్న పని కాదు, నెలల కిందట చేసేసిన పని. చట్టం వాడిన మాట కూడా 'ఉద్యోగి' కాదు, 'బీమా వ్యక్తి'. ఆ బీమా వ్యక్తి అంటే ఉద్యోగిగా ఉన్నవాడు, లేదా ఒకప్పుడు ఉద్యోగిగా ఉండినవాడు అని 1948 నాటి ఈఎస్ఐ చట్టం నిర్వచించింది. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా ఆ నిర్వచనాన్ని అలాగే నిలుపుకుంది. ఒకప్పటి ఉద్యోగిని కూడా లెక్కలోకి తీసుకున్న చట్టం, రాజీనామాతో హక్కు చెల్లిపోవాలని కోరుకుందనడం న్యాయం కాదు. అది చూసేవి రెండే విషయాలు: చందా పడిందా, వైద్యం అవసరమై పనికి దూరంగా ఉండాల్సిన జబ్బు నిజంగా ఉందా. నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్లకూ, నిన్ననే మానేసినవాళ్లకూ ఆ రెండు ప్రశ్నలే వర్తించాలి.

ఈ పథకం పుట్టిన తీరులోనే ఈ ఆలోచన ఉంది. 1943లో అప్పటి ప్రభుత్వం బి.పి. అదార్కర్‌ను కార్మికుల ఆరోగ్య బీమా మీద నివేదిక రాయమంది. 1944లో ఆయన నివేదిక ఇచ్చారు, 1948లో చట్టం వచ్చింది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు. అంతకు ముందు జబ్బుపడిన కార్మికుడికి యజమాని ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. ఆ దయాధర్మాల నుంచి బయటపడేసి, చందాల మీద నడిచే ఉమ్మడి నిధికి బాధ్యత అప్పగించడమే ఈ బీమా ఉద్దేశం. అందుకే పాత చట్టం 73వ సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కి, సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో ఉద్యోగిని తొలగించడం గానీ, శిక్షించడం గానీ కుదరదని, ఆ రోజుల్లో ఇచ్చిన తొలగింపు నోటీసు చెల్లదని రాసింది. జబ్బుతో ఉన్న మనిషి యజమానితో సమానంగా బేరమాడలేడని చట్టం చేసినవాళ్లకు తెలుసు. ఒత్తిడితో నలిగిపోయినవాడు రాసే రాజీనామా కూడా ఆ బలహీన స్థితిలోంచే వస్తుందని మనం గుర్తిస్తే చాలు, మిగతా వాదనంతా దానంతట అదే తేలుతుంది.

ఒత్తిడి కూడా ఒక జబ్బేనా, ఒత్తిడి లేని ఉద్యోగం ఎక్కడుంది అని అడిగేవాళ్లు ఉంటారు. ప్రశ్న సరైనదే. ఒత్తిడి దానికదే జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండో వ్యాధుల వర్గీకరణలో 'బర్నౌట్'ను, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని కూడా పనికి సంబంధించిన పరిస్థితిగానే చేర్చింది, వ్యాధిగా చేర్చలేదు. కాబట్టి డాక్టరు దగ్గర 'ఒత్తిడిగా ఉంది' అన్న ఒక్క మాటతో హక్కు రాదు, రాకూడదు. కానీ ఆ ఒత్తిడి ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా తెలిసిన సంగతే. అది డిప్రెషన్‌గా, యాంగ్జైటీ జబ్బుగా, అదుపు తప్పిన బీపీగా, గుండెజబ్బుగా మారితే అవి నిఖార్సైన వ్యాధులు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి తేల్చాయి. 2016 ఒక్క ఏడాదిలో అలాంటి దీర్ఘ పనిగంటల వల్ల పోయిన ప్రాణాలు 7,45,000 అని వాటి అంచనా. డిప్రెషన్, ఆందోళన వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని 2022లో ఆ సంస్థలే చెప్పాయి. ఇంత నష్టాన్ని 'ఓర్చుకోలేకపోవడం' అనే మాటతో కొట్టిపారేయలేం. మనిషికి ఏ జబ్బు వచ్చిందో తేల్చాల్సింది డాక్టరు. సూపర్‌వైజరూ కాదు, ఇరుగుపొరుగూ కాదు, చివరికి ఆ మనిషి తనను తాను నిందించుకునే మనసు కూడా కాదు.

ఇక్కడ మన పథకంలోనే ఒక లోపం ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. 91 రోజులు చాలని దీర్ఘవ్యాధులకు ఈఎస్ఐలో మరో సదుపాయం ఉంది. రెండేళ్ల సర్వీసు ఉండి, నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా పడి ఉంటే, జాబితాలోని 34 వ్యాధులకు కూలిలో 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. క్షయ, క్యాన్సర్, పక్షవాతం లాంటివాటితో పాటు ఆ జాబితాలో మానసిక వ్యాధులు కూడా ఉన్నాయి. స్కిజోఫ్రీనియా ఉంది, డిమెన్షియా ఉంది, డిప్రెషన్ కూడా ఉంది. కానీ ఆ డిప్రెషన్‌కు ముందు 'ఎండోజీనస్' అనే విశేషణం ఉంది. అంటే బయటి కారణం లేకుండా లోపలి నుంచే పుట్టుకొచ్చిందని వైద్యులు ఒకప్పుడు వేరుచేసి చూసిన డిప్రెషన్. అలాగే చదివితే, టార్గెట్ల వల్లనో, మేనేజరు తిట్ల వల్లనో కుంగిపోయిన మనిషిది ఆ జాబితాలోకి రాని డిప్రెషన్ అవుతుంది. ఒకే రకంగా నిద్ర కరువై, ఒకే రకంగా ఆకలి చచ్చి, ఒకే రకంగా బతుకు మీద విరక్తి పుట్టిన ఇద్దరిలో, పని వల్ల జబ్బుపడినవాడికే తక్కువ సాయం అందడం అన్యాయం. కార్మికుల బీమా పథకానికి ఇది మరీ తగదు. ఈ విశేషణాన్ని తీసేయాలి.

ఇంతకంటే బలంగా వినిపించే అభ్యంతరం దొంగ జబ్బుల గురించి. ఎలాగూ మానేస్తున్నాడు, పోతూపోతూ మూడు నెలల డబ్బు నొక్కేద్దామని డాక్టరు చీటీ తెచ్చుకుంటాడు, ఇలాంటివాళ్లను ఎలా ఆపుతారు అని యజమానులు అడుగుతారు. ఈ ప్రశ్నకు జర్మనీ అనుభవం మంచి జవాబు. అక్కడ జబ్బుపడిన ఉద్యోగికి ఆరు వారాలు యజమాని పూర్తి జీతం ఇస్తాడు. ఆ తర్వాత ఆరోగ్య బీమా నిధి స్థూల జీతంలో 70 శాతం, నికర జీతంలో 90 శాతానికి మించకుండా, ఒకే జబ్బుకు మూడేళ్లలో 78 వారాల దాకా చెల్లిస్తుంది. ఇంత ఉదారమైన చోట మోసానికి ఆశపడేవాళ్లు ఉండకపోరు. 2019 ఫిబ్రవరి 8న ఒక ఉద్యోగిని 22వ తేదీతో మానేస్తున్నానని రాజీనామా ఇచ్చి, అదే రోజు నుంచి సరిగ్గా 22 దాకా జబ్బు సర్టిఫికెట్ తెచ్చింది. బర్నౌట్ అంచున ఉన్నానని చెప్పింది. యజమాని జీతం ఆపేశాడు. కేసు జర్మనీ అత్యున్నత కార్మిక న్యాయస్థానం దాకా వెళ్లింది. 2021 సెప్టెంబరు 8న కోర్టు ఏం చెప్పిందంటే, డాక్టరు సర్టిఫికెట్ చాలా బలమైన సాక్ష్యమే, కానీ నోటీసు కాలంతో తేదీ తేదీకీ అతికినట్టు సరిపోవడం అనుమానానికి తావిస్తుంది, కాబట్టి జబ్బు ఉందని ఉద్యోగే ఇంకా వివరంగా నిరూపించుకోవాలి, అవసరమైతే డాక్టరును రహస్య నిబంధన నుంచి విడుదల చేసి సాక్ష్యం చెప్పించుకోవాలి. ఆమె ఆ పని సరిగా చేయకపోవడంతో కేసు ఓడిపోయింది.

ఈ తీర్పు కార్మికులకు వ్యతిరేకమని కొందరు అనుకున్నారు. నేను అలా చదవను. వెళ్లిపోతున్న మనిషికి జబ్బు సాయం లేదని కోర్టు అనలేదు, అనుమానం వచ్చినప్పుడు రుజువు చూపమంది, అంతే. 2023 డిసెంబరు 13న అదే కోర్టు ఇచ్చిన మరో తీర్పు దీన్ని ఇంకా స్పష్టం చేసింది. ఆ కేసులో యజమాని తొలగింపు లేఖ చేతికి అందే ముందే ఉద్యోగి డాక్టరు దగ్గరికి వెళ్లి మొదటి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. దాని విలువను కోర్టు తగ్గించలేదు. ఆ తర్వాత ఉద్యోగం ముగిసే రోజు దాకా పొడిగించిన సర్టిఫికెట్ల మీదే, మర్నాడే కొత్త ఉద్యోగంలో చేరిన సంగతి చూసి, సందేహం వ్యక్తం చేసింది. మన పాఠకులు దీని నుంచి తీసుకోవాల్సిన పాఠం తేదీల గురించే. జబ్బు ముందు, చీటీ ముందు, రాజీనామా తర్వాత అన్నప్పుడు ఆ చీటీని శంకించడం కష్టం. రాజీనామా ఇచ్చాక తెచ్చిన చీటీ నిజమైనదే అయినా, దాన్ని నమ్మించడానికి రెట్టింపు శ్రమ పడాలి. మన ఈఎస్ఐలోనూ మోసాన్ని పట్టే ఏర్పాట్లు ఉన్నాయి. సర్టిఫికెట్ ఇచ్చేది డిస్పెన్సరీ డాక్టరు, సందేహం వస్తే మెడికల్ రిఫరీ మళ్లీ పరీక్షిస్తాడు, అబద్ధంతో డబ్బు తీసుకుంటే శిక్ష ఉంది. పైగా అందేది 70 శాతమే. నిజానికి మన దగ్గర సమస్య దొంగ జబ్బులు కాదు, డాక్టరు దాకా రాని నిజం జబ్బులు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఇంతమంది గడప దాటని దేశంలో, దాటిన ఒకరిద్దరిని చూసి దొంగలని భయపడటం తలకిందుల ఆలోచన.

ఇంకో అభ్యంతరం మర్యాదకు సంబంధించింది. ఉప్పు తిన్న చోట, పోతూ పోతూ డబ్బు అడగడమేమిటని చాలామంది ఉద్యోగులే వెనక్కి తగ్గుతారు. ఆ సంకోచం వెనకున్న మంచితనాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. సిక్‌నెస్ బెనిఫిట్ యజమాని జేబులోంచి వచ్చేది కాదు. యజమాని తన వాటా నెలనెలా ముందే కట్టేశాడు. మీరు తీసుకున్నా తీసుకోకపోయినా అతనికి రూపాయి మిగలదు, రూపాయి పోదు. ఆ నిధి మీలాంటి లక్షల మంది చందాలతో నిండింది. మీరు ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లూ మీ చందాతో ఎవరో ఒక క్షయ రోగి ఇల్లు నడిచింది. ఇప్పుడు మీ వంతు వచ్చింది. దాన్ని వదులుకుంటే ఎవరికీ మేలు జరగదు, మీ ఇంటికి మాత్రం కీడు జరుగుతుంది.

మానసిక జబ్బు అని కాగితం మీద పడితే రేపు ఇంకో ఉద్యోగం వస్తుందా, పెళ్లి సంబంధాలు చెడిపోవా అన్న భయం వీటన్నిటికంటే లోతైనది. ఇది ఉత్త భయమని కొట్టేయలేను. మన ఊళ్లలో మానసిక ఆసుపత్రి ఉన్న 'ఎర్రగడ్డ' పేరునే ఇప్పటికీ తిట్టులా వాడుతున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా ప్రకటించింది. బీమా కంపెనీలు మానసిక జబ్బులకు కూడా శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని శాసించింది. చట్టం ఉన్నంత మాత్రాన గుసగుసలు ఆగవు, నిజమే. కానీ చికిత్స లేకుండా వదిలేస్తే జబ్బు దాగదు. ఇంకో ఉద్యోగంలో, ఇంకో రూపంలో బయటపడుతుంది. ఎవరికీ తెలియకుండా ముందు ఒకరితో మాట్లాడాలనుకునేవాళ్లకు ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. సర్టిఫికెట్ సంగతి ఆ తర్వాతైనా ఆలోచించుకోవచ్చు.

ముందే రాజీనామా ఇచ్చేస్తే ఏం పోతుందో కూడా తెలుసుకోవాలి. ఉద్యోగం పోయినవాళ్లకు ఈఎస్ఐలో నిరుద్యోగ సాయాలు ఉన్నాయి. 2005 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన సంస్థ మూతపడినవాళ్లకూ, రిట్రెంచ్ అయినవాళ్లకూ, పనికి సంబంధం లేని గాయంతో శాశ్వత వైకల్యం వచ్చినవాళ్లకూ పనికొస్తుంది. 2018లో తెచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 90 రోజుల వరకు సగటు సంపాదనలో సగం ఇస్తుంది, కానీ స్వచ్ఛందంగా వైదొలిగినవాళ్లను పక్కన పెడుతుంది. చీకటి పడ్డాక ఏడుస్తూ రాసిన రాజీనామాను ఈ నిబంధనలు 'స్వచ్ఛందం' అనే లెక్కేస్తాయి. జర్మనీలోనూ సొంతంగా మానేసినవాళ్లకు సాధారణంగా 12 వారాలు నిరుద్యోగ భృతి ఆపుతారు. అయితే అక్కడ ఒక మినహాయింపు ఉంది. తగిన ముఖ్య కారణం ఉంటే ఆ కోత ఉండదు. ఆ పని చేస్తే ఆరోగ్యం చెడుతుందని డాక్టరు సలహా ఇచ్చాక మానేయడం అలాంటి కారణమే. జబ్బు ఉండగానే ఉద్యోగం ముగిసినా బీమా నిధి ఇచ్చే డబ్బు ఆగదు. వైద్య సలహా మీద మానేయడాన్ని స్వచ్ఛందంగా మానేయడం నుంచి వేరుచేసి చూడటం అసాధ్యమేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. మన నిబంధనల్లో కూడా ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా 21,000 లోపు జీతం ఉన్నవాళ్ల గురించి. హైటెక్ సిటీలో ల్యాప్‌టాప్ సంచితో తిరిగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఈ హక్కే లేదు. అతనికి ఉన్నవి కంపెనీ ఇచ్చే సెలవులు, గ్రూప్ ఇన్సూరెన్స్. ఆ ఇన్సూరెన్స్ ఆసుపత్రి బిల్లు కడుతుంది, జీతం ఇవ్వదు. రాజీనామాతో అదీ సాధారణంగా ముగిసిపోతుంది. ఎక్కువ జీతం వస్తోంది కదా, దాచుకోవచ్చు కదా అనొచ్చు. కానీ నెలకు 22,000 తెచ్చుకునే ఫైనాన్స్ కంపెనీ వసూళ్ల ఉద్యోగి, కార్పొరేట్ కాలేజీలో పొద్దున ఆరు నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా నిలబడే జూనియర్ లెక్చరర్, ప్రైవేటు ఆసుపత్రిలో వరుస నైట్ డ్యూటీలు చేసే నర్సు దాచుకోగలిగేది ఎంత? 2017 జనవరిలో పెట్టిన గీతకు వెయ్యి రూపాయలు ఎక్కువ రావడం వల్లే వాళ్లు జబ్బు సాయానికి పూర్తిగా దూరమవుతున్నారు. బయటి దేశాలకు వెళ్లిన మనవాళ్ల పరిస్థితి కూడా దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో జబ్బు సెలవుకు జీతమివ్వాలనే జాతీయ చట్టం ప్రైవేటు ఉద్యోగులకు లేదు; అర్హులకు 12 వారాల జీతం లేని సెలవు మాత్రం దొరుకుతుంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఉద్యోగం మానేస్తే గరిష్ఠంగా 60 రోజుల గడువే. కాబట్టి ఒత్తిడితో రాజీనామా రాసేముందు సెలవు అడగడం వాళ్లకు ఇంకా ముఖ్యం. కాలిఫోర్నియాలో పనిచేసే తెలుగువాళ్లు తమ జీతంలోంచి రాష్ట్ర డిజెబిలిటీ ఇన్సూరెన్స్‌కు చందా కడుతున్నారు. డాక్టరు ధ్రువీకరించిన మానసిక జబ్బుకు కూడా అది వర్తిస్తుంది. పే స్లిప్‌లో ఆ కోత ఎందుకో తెలుసుకోవడం మంచిది.

ఇక ఆచరణలోకి వద్దాం. జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉందో లేదో, చందా నిజంగా జమ అవుతోందో లేదో ఈఎస్ఐ పోర్టల్‌లో మీ బీమా నంబరుతో చూసుకోండి. కోత కోసి జమ చేయని యజమానులు ఉన్నారు, అదేదో మానేశాక కాక ముందే తేలాలి. నిద్ర, ఆకలి, గుండెదడ రెండు వారాలకు మించి తేడాగా ఉంటే డిస్పెన్సరీకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. 'కొంచెం నీరసంగా ఉందండీ' అంటే బలం మాత్రలే రాస్తారు. పని గంటలు, నిద్ర, ఆత్మహత్య ఆలోచనలు ఉంటే అవి కూడా, దాచకుండా చెప్పాలి. మానసిక వైద్యుడి దగ్గరికి పంపమని అడగాలి. పనికి వెళ్లొద్దని డాక్టరు రాస్తే ఆ సర్టిఫికెట్ వెంటనే బ్రాంచి ఆఫీసులో ఇచ్చి, పొడిగింపుల్లో ఖాళీ రాకుండా చూసుకోండి. ఆ రోజుల్లో ఇంకెక్కడా పనిచేయకూడదు, చేస్తే హక్కు పోతుంది, పోవాలి కూడా. కొంత కోలుకున్నాక, స్థిమితమైన మనసుతో, మానేయాలో ఉండాలో తేల్చుకోండి. మానేయాలనే అనుకుంటే అప్పుడు రాసే రాజీనామాలో ఆరోగ్య కారణమని ఒక్క మాట చేర్చండి. డిస్పెన్సరీల్లో రద్దీ, మందుల కొరత, తిప్పించుకోవడం గురించి ఫిర్యాదులు పాతవే, అబద్ధాలూ కావు. కుదుటపడని మనసుతో ఆ తిరుగుడు తిరగడం కష్టం కాబట్టి, ఇంట్లో ఒకరు, యూనియన్ ఉన్నచోట యూనియన్ మనిషి ఒకరు తోడు వెళ్లాలి.

కార్మిక శాఖ చేయాల్సిన పనులు మూడున్నాయి, మూడూ నిబంధనల సవరణతో అయ్యేవే. దీర్ఘవ్యాధుల జాబితాలో డిప్రెషన్ ముందున్న ఆ విశేషణం తీసేసి, పని వల్ల వచ్చినదాన్ని కూడా చేర్చాలి. వైద్య సలహా మీద ఉద్యోగం వదిలినవాళ్లను స్వచ్ఛందంగా మానేసినవాళ్ల ఖాతాలో వేయకుండా నిరుద్యోగ సాయానికి అర్హులను చేయాలి. 2017 నాటి 21,000 రూపాయల పరిమితిని ఇప్పటి జీతాలకు తగ్గట్టు పెంచాలి. రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక సంఘాలూ, ఎంపీలూ ఈ మూడింటినీ ఈఎస్ఐ కార్పొరేషన్ ముందు పెట్టాలి.